యుద్ధం గురించి మనం మాట్లాడుకునే విధం
(ప్రసంగ పాఠం)

 

ధమ్మ బంధువులారా,

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మే 7 నుంచి 10 వరకు భారత, పాకిస్తాన్ సైన్యాలు క్షిపణులతో, డ్రోన్లతో, ఫిరంగులతో తలపడ్డాయి. 10వ తేదీన కాల్పుల విరమణ ప్రకటించారు. 12వ తేదీ వైశాఖ పూర్ణిమ. ఆ పూర్ణిమనాడు మెత్త సుత్తం పఠించిన మనలో చాలామందిమి, అంతకుముందు నాలుగు రోజులూ టీ కొట్ల దగ్గర, బస్సుల్లో, ఆఫీసు వరండాల్లో ఒకే విషయం వాదించుకున్నాము. ఎవరిది పైచేయి? ఎన్నాళ్ళలో తేలుతుంది? ఇప్పుడు ఆపడం మేలా, అంతు చూడడం మేలా? కొందరు యువకులు, “బౌద్ధులమైనంత మాత్రాన దేశం పక్షాన మాట్లాడకూడదా?” అని అడిగారు. కొందరు పెద్దలు, “యుద్ధకథ మనకు నిషిద్ధం, ఆ మాటే వద్దు” అన్నారు. ఈ రెండు మాటల నడుమ తథాగతుడు చూపిన మార్గమేది అన్నదే నేటి నా ప్రసంగ విషయం.

పెద్దలు చెప్పినదానికి సుత్తాలలో ఆధారం ఉంది. భిక్షువులు విడిచిపెట్టవలసిన వ్యర్థ ప్రసంగాల జాబితాలో రాజకథ, చోరకథ, సేనాకథ, భయకథలతోపాటు యుద్ధకథ కూడా ఉంది. అయితే సంయుత్త నికాయంలోని కోసల సంయుత్తం చూడండి. మగధ రాజు అజాతసత్తు, కోసల రాజు పసేనది కాశీ ప్రాంతంలో పోరాడారు. మొదటి యుద్ధంలో పసేనది ఓడిపోయి సావత్థికి తిరిగివచ్చాడు. భిక్షాటనకు వెళ్ళిన భిక్షువులు ఆ వార్త విని వచ్చి భగవానునికి నివేదించారు. ఆయన వారిని మందలించలేదు. ఆ వార్త ఎందుకు తెచ్చారని అడగలేదు. ఓడినవాడు ఈ రాత్రి దుఃఖంతో పడుకుంటాడని, గెలుపు నుంచి వైరం పుడుతుందని, గెలుపోటములు రెండింటినీ విడిచినవాడే సుఖంగా నిద్రిస్తాడని వారికి బోధించాడు.

కనుక నిషిద్ధమైనది యుద్ధమనే విషయం కాదు. ఆటలో పందెం కాసినట్టు దానిని చర్చించే తీరు నిషిద్ధం. అవగాహనకు, దుఃఖ నివారణకు దారితీయని మాటను విడిచిపెట్టమన్నాడు. అటువైపు నడిపించే మాటను తానే పలికాడు.

ఇదే యుద్ధం గురించి జాతక అట్ఠకథలో మరొక వృత్తాంతం ఉంది. వరుస ఓటములతో కుంగిన పసేనది, జేతవనంలో భిక్షువులు ఏమనుకుంటున్నారో విని రమ్మని మనుషులను పంపాడు. విహారపు అంచున ఒక పర్ణశాలలో ఇద్దరు వృద్ధ భిక్షువులు ఉండేవారు. వారిలో ధనుగ్గహ తిస్స అనే ఆయన తెల్లవారుజామున లేచి, తోటి భిక్షువుతో కోసల రాజుకు తినడమే తప్ప యుద్ధం చేయడం తెలియదన్నాడు. పద్మ, చక్ర, శకట వ్యూహాల గురించి చెప్పి, కొండల నడుమ సైన్యాన్ని దాచి శకట వ్యూహం పన్నితే అజాతసత్తును చేపను పట్టినట్టు పట్టవచ్చునన్నాడు. చాటున ఉన్నవారు విని రాజుకు చెప్పారు. రాజు అలాగే చేశాడు. అజాతసత్తు బందీ అయ్యాడు.

ఇద్దరు ముసలివారు చలిమంట దగ్గర ఊసుపోకకు చెప్పుకున్న మాట ఒక యుద్ధ ఫలితాన్ని మార్చింది. మన మాట ఎవరు వింటారులే అనుకోవడానికి వీలులేదని ఈ కథ మనకు చెబుతుంది. ఆనాడు గోడ చాటున నిలబడి వినవలసి వచ్చింది. నేడు మన చేతిలోని ఫోనే ఒక్క క్షణంలో మాటను వేలమందికి చేరుస్తుంది. 2025 మే నెలలో కరాచీ ఓడరేవు ధ్వంసమైందని టీవీలు ప్రకటిస్తే, అది నిజమా అని విచారించకుండా మనం ఇతరులకు పంపించాము. అది అబద్ధమని తరువాత తేలింది. ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో కరాచీ బేకరీ మీద, ఆ పేరున్నందుకే, కొందరు దాడికి దిగారు. దేశ విభజనలో సింధు ప్రాంతం నుంచి నిరాశ్రయులై వచ్చిన కుటుంబం 1953లో స్థాపించిన సంస్థ అది. సరిహద్దు వల్ల సర్వం కోల్పోయి వచ్చినవారి దుకాణాన్నే సరిహద్దు పేరుతో కొట్టారు. విన్నంత మాత్రాన నమ్మవద్దని కాలాములకు చేసిన బోధను మనం ఏటా ఉపన్యాసాలలో వల్లిస్తాము. దానిని ఆచరించవలసిన రోజులంటే ఇవే.

మళ్ళీ కోసలానికి వద్దాం. ‘ఎవరు గెలిచారు?’ అన్న ప్రశ్నకు సమాధానం ఎంతకాలం నిలిచిందో చూడండి. పట్టుబడిన అజాతసత్తును పసేనది ప్రాణాలతో విడిచిపెట్టాడు. తన కుమార్తె వజిరను ఇచ్చి వివాహం చేశాడు. ఏ కాశీ గ్రామపు ఆదాయం కోసం ఇంత రక్తం పారిందో, ఆ గ్రామాన్నే కుమార్తె స్నానచూర్ణపు ఖర్చుకని తిరిగి ఇచ్చాడు. కొంతకాలానికి పసేనదిని సొంత కొడుకు విడూడభుడే సింహాసనం నుంచి తొలగించాడు. ఆ వృద్ధ రాజు సహాయం కోరి రాజగృహానికి వెళ్ళాడు. చేరేసరికి కోట తలుపులు మూసి ఉన్నాయి. నగర ద్వారం బయట ఒక సత్రంలో ఆ రాత్రే మరణించాడు. గెలిచినవాడు ఓడినవాడి వాకిట దిక్కులేక కన్నుమూస్తే, దహన సంస్కారాలు జరిపించినవాడు ఓడిన అజాతసత్తు. తరువాత కోసల రాజ్యమే మగధలో కలిసిపోయింది. గెలుపు ఏ తేదీ వరకు లెక్కిస్తే గెలుపు అవుతుందో ఎవరు చెప్పగలరు?

అందుచేత ఉపాసకుడు అడగవలసిన మొదటి ప్రశ్న వేరు. దానిని రోహిణీ నది ఒడ్డున భగవానుడు స్వయంగా అడిగాడు. శాక్యులకు, కోలియులకు మధ్య ప్రవహించే ఆ నదికి ఒకే ఆనకట్ట. జేష్ఠ మాసంలో పైరు ఎండుతోంది. ఒక్క తడి నీరు మాకు చాలునని ఇటువారు, మాకూ అంతేనని అటువారు అన్నారు. పొలంలో పనిచేసే దాసుల, కూలీల మధ్య మొదలైన మాట తిట్లలోకి, తిట్లు కులాల పుట్టుకలోకి వెళ్ళాయి. సంగతి అధికారులకు, వారి నుంచి రాజకులాలకు చేరింది. సైన్యాలు బయలుదేరాయి. అప్పుడు భగవానుడు వచ్చి, ఈ కలహం దేని గురించి అని రాజులను అడిగాడు. వారికి తెలియదు. సేనాపతికి తెలుస్తుందన్నారు. సేనాపతి ఉపరాజుకు తెలుస్తుందన్నాడు. అలా అడుగుతూ పోగా, చివరకు దాసులూ కూలీలూ ‘నీటి గురించి’ అని చెప్పారు. నీటి విలువ ఎంత, మనుషుల విలువ ఎంత అని ఆయన తరువాత అడిగాడు. నీటి విలువ స్వల్పమని, మనుషులు వెలకట్టలేనివారని రాజులే ఒప్పుకున్నారు.

ఈ అట్ఠకథలో నన్ను ఆలోచింపజేసేది ఆ ప్రశ్న దిగివచ్చిన క్రమం. యుద్ధానికి ఆజ్ఞ ఇచ్చినవారికి కారణం తెలియదు. కారణం తెలిసినవారికి ఆజ్ఞ ఇచ్చే అధికారం లేదు. అందుకే భగవానుడు జవాబు కోసం పొలంలో ఉన్నవారి దాకా వెళ్ళాడు.

అంబేద్కర్ మహాశయుడు ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ గ్రంథంలో రోహిణీ వివాదాన్ని సిద్ధార్థుని గృహత్యాగానికే కారణంగా నిలిపాడు. అక్కడ శాక్య సంఘంలో చర్చ జరుగుతుంది. సేనాపతి యుద్ధం కావాలంటాడు. తప్పు ఎవరిదో ముందు విచారించాలని, ఇరువైపుల నుంచి ఇద్దరేసి, వారు ఎన్నుకున్న ఐదవవాడు కలిసి తీర్పు చెప్పాలని సిద్ధార్థుడు ప్రతిపాదిస్తాడు. ఓట్లలో ఓడిపోతాడు. మరునాడు సేనలో చేరనని నిలబడతాడు. సభలో ఆయన వంటి అభిప్రాయం ఉన్నవారు ఇంకా ఉన్నారు గాని నోరు విప్పలేదు. అప్పుడు సేనాపతి ఆయన కుటుంబాన్ని సాంఘికంగా బహిష్కరించగలమని, భూములు స్వాధీనం చేసుకోగలమని బెదిరిస్తాడు. సాంఘిక బహిష్కరణ అంటే ఏమిటో మన వాడలలో ఎవరికీ వివరించనవసరం లేదు. కుటుంబాన్ని శిక్షించవద్దని, తానే దేశం విడిచి వెళతానని సిద్ధార్థుడు పరివ్రజ్యను ఎంచుకుంటాడు. ఆయన వెళ్ళిన తరువాత శాక్యుల స్త్రీ పురుషులు, పిల్లలు యుద్ధానికి వ్యతిరేకంగా ఊరేగింపులు తీస్తారు. చివరకు నది వివాదాలు తీర్చే శాశ్వత మండలి ఏర్పడుతుంది. సభలో ఓడిన మాట వీధిలో గెలిచింది. మామూలు మనుషుల చర్చకు బాబాసాహెబ్ ఇచ్చిన విలువ అది.

రోహిణి మనకు దూరం కాదు. సింధు నదీజలాల ఒప్పందం మీద 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేశారు. 1965, 1971 యుద్ధాలలోనూ నిలిచిన ఆ ఒప్పందాన్ని 2025 ఏప్రిల్ 23న మన ప్రభుత్వం నిలుపుదల చేసింది. మన కృష్ణా జలాల మీదనే 2023 నవంబరు చివర నాగార్జునసాగర్ ఆనకట్టపై రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా మోహరించారు. ఇక్ష్వాకుల నాటి విహారాలు ఏ జలాల అడుగున మునిగి ఉన్నాయో ఆ జలాల మీదనే ఆ దృశ్యం చూశాము. ఒకే భాష మాట్లాడేవారి మధ్యనే నీరు ఇంత పని చేయగలిగితే, శత్రువులనుకున్న దేశాల మధ్య నిప్పు ఎంత సులువుగా రాజుకుంటుందో ఊహించండి.

రెండవ ప్రశ్న, మూల్యం ఎవరు చెల్లిస్తారు? కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుని పదమూడవ శిలాశాసనం ఉంది. కళింగంలో లక్ష మంది హతులయ్యారని, లక్షా యాభై వేల మందిని తరలించుకుపోయారని, అంతకు ఎన్నో రెట్లు మరణించారని గెలిచిన రాజే రాయించాడు. అక్కడితో ఆగలేదు. తమకు ఏ హానీ జరగకపోయినా, ఆప్తులకు జరిగిన హాని వల్ల దుఃఖించేవారిని కూడా ఆ లెక్కలో చేర్చాడు. మన చర్చలలో విమానాల సంఖ్య వినిపిస్తుంది, క్షిపణుల సంఖ్య వినిపిస్తుంది. ఈ చివరి వరుస వినిపించదు.

మరొక మూల్యం ఖజానాలో ఉంటుంది. 1951లో మంత్రి పదవికి రాజీనామా చేస్తూ ఇచ్చిన ప్రకటనలో బాబాసాహెబ్, ఏటా వసూలయ్యే 350 కోట్ల రూపాయల రాబడిలో దాదాపు 180 కోట్లు సైన్యానికే ఖర్చవుతున్నాయని ఎత్తిచూపాడు. ఆకలిగొన్న ప్రజలున్న దేశంలో అది ఎంతటి భారమో ఆయన గుర్తుచేశాడు. ఆయన సైన్యానికి విరోధి కాడు. ఆయన తండ్రి సైన్యంలో సుబేదారు. సైనికుని కొడుకుగా, ఆర్థిక శాస్త్రవేత్తగా లెక్క అడిగాడు. లెక్క అడగడం ద్రోహం కాదు.

ఇక యువకుల ప్రశ్నకు వస్తాను. బౌద్ధుడు దేశ రక్షణను కాదనాలా? అవసరం లేదు. ‘బుద్ధుడా, కార్ల్ మార్క్సా’ అన్న వ్యాసంలో అంబేద్కర్ ఈ విషయాన్ని చర్చించాడు. శాంతి మార్గాలన్నీ ప్రయత్నించి విఫలమైన తరువాత న్యాయం కోసం పోరాడినవానిని నిందించలేమని, నింద యుద్ధానికి కారకుడైనవానిదని ఒక సేనాధిపతికి బుద్ధుడు వివరించినట్టు అందులో రాశాడు. పహల్గాంలో అమాయకులను చంపినవారిని శిక్షించాలనడం ధమ్మ విరుద్ధం కాదు. కాని ‘శాంతి మార్గాలన్నీ ప్రయత్నించిన తరువాత’ అన్న షరతు నెరవేరిందా అని ప్రతిసారీ అడగడం మన విధి. హంతకులను శిక్షించమనడం వేరు, అవతలి దేశపు రైతు పొలం ఎండాలని కోరుకోవడం వేరు. మెత్త సుత్తం పఠించే నోటితో ఆ రెండవ మాట పలకలేము.

యుద్ధ ఫలితం ఏమవుతుందని భగవానుణ్ణి సూటిగా అడిగిన సందర్భం కూడా ఉంది. వజ్జీల మీదకు దండెత్తదలచిన అజాతసత్తు తన మంత్రి వస్సకారుణ్ణి పంపాడు. భగవానుడు ఆయనకు సైన్యాల బలాబలాలు చెప్పలేదు. ఆనందుని వైపు తిరిగి, వజ్జీలు తరచుగా సమావేశమవుతున్నారా, ఐకమత్యంతో కూర్చుని ఐకమత్యంతో లేస్తున్నారా, పెద్దల మాట వింటున్నారా, స్త్రీలను బలాత్కారంగా ఎత్తుకుపోకుండా ఉన్నారా అని అడిగాడు. ఇవి ఉన్నంతకాలం వారికి వృద్ధే గాని క్షీణత లేదన్నాడు. వస్సకారుడు ఆ జవాబులోని కీలకం గ్రహించి, యుద్ధంతో కాక భేదంతోనే వజ్జీలను గెలవగలమన్నాడు. తరువాత జరిగినది అదే. ఒకరిమీద ఒకరికి అనుమానం పుట్టించిన తరువాత, యుద్ధభేరి మోగినా వజ్జీలు సమావేశం కాలేదు.

ఒక దేశం నిలుస్తుందా అన్న ప్రశ్నకు బుద్ధుడు ఇచ్చిన కొలత అది. ఆ కొలతతో మన ఊరిని కొలిచి చూద్దాం. ఒకే బావి, ఒకే శ్మశానం, ఒకే పంక్తి లేని ఊరు ఐకమత్యంతో కూర్చుని లేచే ఊరు అవుతుందా? 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ సౌభ్రాతృత్వం లేనిదే స్వేచ్ఛా సమానత్వాలు నిలవవని హెచ్చరించింది ఇందుకే. కనుక కులనిర్మూలనకు పనిచేసే ఉపాసకుడు దేశ రక్షణకు వెలుపల లేడు.

ధమ్మ బంధువులారా, రేపు మళ్ళీ యుద్ధ వార్త రావచ్చు. అప్పుడు విహారం మౌనంగా ఉండరాదు. వారానికి ఒకసారి కూర్చుని మాట్లాడుకుందాం. కలహం దేని గురించి? మూల్యం ఎవరిది? ఆగిన మరునాడు ఇరుగుపొరుగు ఎలా బతకాలి? ఈ మూడింటినీ అడుగుదాం. నిజమని తేలని వార్తను ముందుకు పంపకుండా మన దగ్గరే ఆపుదాం. సైన్యంలో పిల్లలున్న ఇళ్ళకు ఉపాసికలు వెళ్ళి తోడుగా కూర్చోవాలి. సరిహద్దుకు ఇటు మరణించినవారితోపాటు అటు మరణించినవారికి కూడా ఆ సాయంత్రం ఒక దీపం వెలిగించాలి. దీనికి నలుగురిలో ధైర్యం కావాలి. శాక్య సంఘంలో ఒంటరిగా లేచి నిలబడినవానిని శాస్తగా స్వీకరించిన మనకు ఆ ధైర్యం ఉండాలి.

 భవతు సబ్బ మంగళం. జై భీమ్.