షడ్జమెచ్చట?



సూరతు నుండి నవసారి పోవు దారిలో ఉన్ అను ఊరున్నది. సూరతు మరమగ్గములు తెలంగాణము నుండి తరలివచ్చిన అనేక నేత కుటుంబములకు జీవనాధారమైనవి. అట్టి ఒక ఇంటి బాలిక హార్మోనియము నేర్చుకొనుచున్నదనుకొనుడు. పొరుగింటి కుర్రవాడు పెండ్లి బ్యాండులో క్లారినెట్ వాయించువాడనుకొనుడు. ఉగాది సభలో కలసి వాయింపగోరి, ఇరువురును ఇంగ్లీషు స్వరలిపిలోనున్న ఒకే కాగితమును ముందుంచుకొనిరి. మొదటి స్వరము ‘సి’. ఆమె ‘సి’ మెట్టు నొక్కినది. అతడు ‘సి’ ఊదినాడు. వినువారు చెవులు మూసికొనిరి. పెద్దలు కుర్రవానికి శ్రుతిజ్ఞానము లేదని తీర్పు చెప్పిరి. ఆ తీర్పు అన్యాయము. వ్రాసిన పేరు వేరు, వినబడు నాదము వేరు అను సంగతి తెలియకపోవుటయే అచ్చటి దోషము.

బ్యాండులలో సాధారణముగా వాడు క్లారినెట్ ‘బి ఫ్లాట్’ వాద్యము. దానిపై ‘సి’ అని చదివి ఊదినచో, హార్మోనియముపై ‘బి ఫ్లాట్’, అనగా ఒక పూర్తి స్వరము దిగువ, వినబడును. ఆల్టో శాక్సొఫోనుపై ‘సి’ ఊదినచో ‘ఇ ఫ్లాట్’ పలుకును. ఎఫ్ హారనుపై ‘సి’ ఊదినచో దిగువ ‘ఎఫ్’ పలుకును. ఇట్టివానిని పాశ్చాత్యులు ట్రాన్స్‌పోజింగ్ వాద్యములందురు. తెలుగున శ్రుతి మార్చు వాద్యములనవచ్చును. పియానో, వయొలిన్, ఫ్లూటు మొదలగునవి మార్చనివి. వానిపై వ్రాసినదే వినబడును.

ఈ చిక్కు ఎవరును కావలెనని తెచ్చిపెట్టినది కాదు. వాయించువాని సౌకర్యమే దీనికి మూలము. గొట్టము పొడుగైనకొలది నాదము తగ్గును, పొట్టియైనకొలది హెచ్చును. ఒక వాద్యమునే పలు పరిమాణములలో చేసినప్పుడు, ఒక్కొక్క దానికి వేరువేరుగా వ్రేళ్ల పద్ధతి నేర్చుకొనుట కష్టము. కావున వ్రేలికి పేరు స్థిరముగా నుంచి, నాదమును మారనిచ్చిరి. అడాల్ఫ్ శాక్స్ 1846 లో పేటెంటు పొందిన శాక్సొఫోను కుటుంబమంతయు ఈ సూత్రము పైననే నడచును. ఆల్టో నేర్చినవాడు టెనారును చేతికందుకొన్నను వ్రేళ్లు తడబడవు. లెక్క చూచుకొను భారము స్వరములు వ్రాయువానిపై పడినది.

ఈ సూత్రము మనకు క్రొత్తది కాదు. నాదస్వరములో తిమిరి యనునది పొట్టిది, శ్రుతి హెచ్చు. బారి పొడుగు, శ్రుతి తగ్గు. రెంటియందును విద్వాంసుడు షడ్జమును షడ్జమనియే పిలుచును. ప్రకాశం జిల్లా కరవదిలో 1924 లో జన్మించి శ్రీరంగమున స్థిరపడిన షేక్ చినమౌలానా వంటి మహావిద్వాంసులు చేపట్టిన వాద్యమిది. వేణువు సంగతియు నట్టిదే. గాయకుని శ్రుతి మారినచో వేణుగానము చేయువాడు సంచిలోని మరియొక వేణువును తీయును. వ్రేళ్లు మాత్రము మారవు.

వయొలిన్ కథ మరింత చిత్రమైనది. ఐరోపాలో దాని తంత్రులకు జి, డి, ఎ, ఇ అను స్థిరస్థానములు కలవు. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలస్వామి దీక్షితులు దానిని కర్ణాటక సంగీతమునకు అలవరచెను. మన విద్వాంసుల చేతిలో ఆ తంత్రులు మంద్రషడ్జము, మంద్రపంచమము, మధ్యషడ్జము, మధ్యపంచమము అయినవి. గాయకుని కంఠము ఎచ్చటనున్నదో అచ్చటికి బిరడలు త్రిప్పి షడ్జమును చేర్చుదురు. విజయనగరము సంగీత కళాశాలలో 1919 లో ఆచార్యులై, 1936 లో అధ్యక్షులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఈ పరదేశపు వాద్యమునకు ఆంధ్రదేశమున తెచ్చిన గౌరవము సర్వవిదితము.

హార్మోనియము మాత్రము కదలని వాద్యము. దాని రీడ్లు స్థిరములు. పద్యనాటకములలో ఒక నటుడు రెండున్నర శ్రుతిలో పాడును, మరుక్షణమున ప్రవేశించిన వేరొకడు నాలుగు శ్రుతిలో ఎత్తుకొనును. వాద్యము కదలదు గనుక హార్మోనిస్టు వ్రేళ్లే కదలవలెను. రాగము నంతటిని క్షణములో మరియొక మెట్టునుండి పరచవలెను. ప్రేక్షకుల చప్పట్లు నటునికి దక్కును, ఈ నేర్పు తెరప్రక్కనే మిగిలిపోవును. మెట్ల పలకను ప్రక్కకు జరుపు స్కేల్ ఛేంజరు హార్మోనియము వచ్చిన పిమ్మట ఈ శ్రమ తగ్గినది. కదలని వాద్యమునకును కదలిక వచ్చినది.

ఇక ఉన్ ఊరి పిల్లల పాట యెట్లు కుదురును? ఉపాయము సులభము. కుర్రవాని కాగితముపై ప్రతి స్వరమును ఒక పూర్తి స్వరము పైకి, ‘సి’ ఉన్నచోట ‘డి’ అని, వ్రాసిన చాలును. లేక మనవారి పద్ధతిని సరిగమలలో వ్రాసి, బాలిక షడ్జమును ‘బి ఫ్లాట్’ నల్లమెట్టుపై, అనగా ఆరున్నర శ్రుతిలో, నిలుపుకొన్నచో, కుర్రవాడు తన ‘సి’నే షడ్జముగా ఊదవచ్చును. గీతము మారదు, షడ్జము మాత్రము జరుగును. ఆ పిమ్మట వాద్యపు వేడికి శ్రుతి కొంచెము హెచ్చుతగ్గులైనచో చెవితో సరిచేసికొనవలెను.

ప్రపంచమంతటికి ఒక కొలత అవసరమే. ‘ఎ’ స్వరమునకు సెకనుకు 440 కంపనములని 1939 లండను సమావేశము సూచింపగా, 1955 లో అంతర్జాతీయ ప్రమాణ సంస్థ దానిని సిఫారసు చేసినది. కొలత కొలతయే; పాట పుట్టునది స్వరముల నడిమి దూరములనుండి. ఆ దూరములు చెడనంతవరకు షడ్జము ఎచ్చటికి జరిగినను రాగము రాగమే. ఊరు విడచి వచ్చిన తెలుగు కుటుంబములకు ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు.

కావున రానున్న ఉత్సవములలో పిల్లలను కూర్చి వాద్యగోష్ఠి జరుపువారు, ఎవరి శ్రుతిజ్ఞానమునైనను శంకించుటకు ముందు ప్రతి బిడ్డను ఒక ప్రశ్న అడుగుదురు గాక: “నాయనా, నీ వాద్యములో షడ్జమెచ్చట?” ఆ ఒక్క ప్రశ్నతో, అటకెక్కవలసిన క్లారినెట్ ఒకటి సభకెక్కవచ్చును.