తొంబదియారు అనగా ఎంత?

కొంతకాలము క్రిందట తెనాలి ప్రాంతమునుండి ఒక తండ్రి మాకు ఉత్తరము వ్రాసిరి. వారి కుమారుడు ఇంజనీరు, హైదరాబాదులో ఉద్యోగము. 2024 నవంబరులో జరిగిన క్యాటు పరీక్షలో 96 వచ్చినది. అహమ్మదాబాదు, కలకత్తా మేనేజిమెంటు సంస్థలనుండి పిలుపు మాత్రము రాలేదు. "నూటికి 96 వచ్చినవానికే చోటు లేనిచో ఇక ఎవరికి కలదు? ఉద్యోగము మాని మరల వ్రాయుదునని అబ్బాయి పట్టుపట్టుచున్నాడు. శిక్షణకును, ఖర్చులకును అర ఎకరము అమ్మవలెనేమో" అని వారి బాధ. ఈ ప్రశ్న పెక్కు ఇండ్లలో నున్నది గనుక శ్రోతలందరి యెదుటను ముచ్చటించుచున్నాము.

ముందుగా ఆ 96 సంగతి. అది మార్కు కాదు, వరుసలో స్థానము. పర్సెంటైలు అందురు. ఆ యేడు సుమారు 2,93,000 మంది పరీక్ష వ్రాసిరి. నూటికి నలుగురే కదా మనకు ముందున్నది అని తోచును. లెక్కకట్టినచో వారు 11,700 మంది! 99 వచ్చినను ముందు 2,900 మంది యుందురు. అహమ్మదాబాదులో ప్రధాన తరగతిలో ఏటా చేరువారు నాలుగు వందల ప్రాంతము. అందును వర్గములవారీ కేటాయింపులు కలవు. కావున ఎవరి వర్గపు వరుసను వారు చూచుకొనవలెను. సంస్థలు ప్రకటించు కనీసార్హత వీధి గుమ్మము వంటిది. అది దాటినవారందరికిని పీట వేయరు.

ఇక పాత మార్కుల మాట. అహమ్మదాబాదు, బెంగుళూరు సంస్థలు క్యాటుతో పాటు పదవ తరగతి, ఇంటర్మీడియేటు, డిగ్రీ మార్కులను, ఉద్యోగానుభవమును గూడ లెక్కించును. పదునైదవ యేట జ్వరముతో వ్రాసిన పరీక్ష ఇరువదియైదవ యేట అడ్డు నిలుచుట న్యాయమా యని అడుగవచ్చును. మాకును అది రుచింపదు. అయినను ఆ మార్కులను మార్చజాలము గనుక ముందు వానినే కాగితముపై వేసికొనవలెను. ఏ సంస్థ దేనికెంత విలువ నిచ్చునో ఏటా ప్రకటించును. ఆ పత్రము చదువకయే శిక్షణకు సొమ్ము కట్టువారే యెక్కువ.

మరియొక మాట. ఇంజనీరులు వెల్లువగా వచ్చుటచే కొన్ని సంస్థలు ఇతర విద్యలు చదివినవారికిని, స్త్రీలకును కొంత మొగ్గు చూపును. ఇంట కామర్సు చదివిన చెల్లెలున్నచో అన్నకంటె ఆమె అవకాశమే మెరుగు కావచ్చును. ఆమెను ఎవరును అడుగరు!

ఆ తండ్రికి తిరిగి వ్రాసి మూడు సంగతులు అడిగితిమి: పాత మార్కులెన్ని, పరీక్షలోని మూడు భాగములలో విడివిడిగా ఎంత వచ్చినది, ఏయే సంస్థలకు దరఖాస్తు పెట్టినది. జవాబు వచ్చినది. పాత మార్కులు దివ్యముగా నున్నవి. గణితములో 99. ఇంగ్లీషు చదివి గ్రహించు భాగములో 81. చిక్కు అచ్చటనే యున్నది! పెద్ద సంస్థలు ప్రతి భాగమునకును వేరుగా కనీసము కోరును. గణితములో ఆరితేరిన మన పిల్లలు పలువురు ఈ నలువది నిమిషముల భాగముననే జారుచున్నారు. అందుకు ఉద్యోగము మానవలసిన పనిలేదు. ప్రతిదినము గంటసేపు మంచి ఇంగ్లీషు వ్యాసములు చదువవలెను. పైగా, ఉద్యోగము మానినచో అనుభవము ఆగును. ఆ ఖాళీని గూర్చి ఇంటర్వ్యూలో అడుగుదురు.

దరఖాస్తు రెండింటికే పెట్టినాడట. 1961లో ఉన్నవి ఆ రెండే. ఇప్పుడు ఇరువదికి పైగా నున్నవి. విశాఖపట్టణములో 2015నుండియు కలదు. క్రొత్తవాని పిలుపు 96కు అందనిది కాదు. హైదరాబాదులో 2001లో ఆరంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ జీమ్యాటు స్కోరును అంగీకరించును. క్యాటు స్కోరు ఒక్క ప్రవేశకాలమునకే చెల్లును. జీమ్యాటుది అయిదేండ్లు నిలుచును. ఉద్యోగములో నున్నవానికి ఇది చిన్న సౌకర్యము కాదు.

మొన్న ఆ తండ్రి మరల వ్రాసిరి. అబ్బాయి ఉద్యోగములోనే యున్నాడట. అర ఎకరము కౌలుకిచ్చిరట.