దొంగిలించిన విద్య

మధ్యప్రదేశమున వ్యాపం నడపిన వైద్యవిద్యా ప్రవేశపరీక్షలలో, సంఖ్యలు తారుమారు గావించి, సమర్థుల ప్రక్కన అసమర్థులను గూర్చుండబెట్టి చూచి వ్రాయించిన వైనము 2013లో బయల్పడినది. 2008 మొదలు 2012 వరకు చేరిన 634 మంది ప్రవేశములు రద్దయినవి. 2016 మే నెలలో సర్వోన్నత న్యాయస్థానమున నిద్దరు న్యాయమూర్తులును మోసము నిజమేయని యంగీకరించి, శిక్షయందు భేదించిరి. నేర్చిన విద్యను వ్యర్థము సేయనేల, ఐదేండ్లు జీతము లేక సైన్యమున సేవ చేయింపుడని మన తెలుగువారగు జాస్తి చలమేశ్వరుగారనిరి. ఆ మాట తేలికగా ద్రోసివేయదగినది కాదు. వైద్యుడు లేని పల్లెలు మనకు గొల్లలు. అయినను 2017 ఫిబ్రవరిలో త్రిసభ్య ధర్మాసనము రద్దునే స్థిరపరచినది. మేమును ఆ పక్షమే.

ఏలన, ఆ సేవ చేయవలసినవాడు వేరొకడు కలడు. రేయింబవళ్లు చదివి, జాబితాలో తన పేరు గానక, తన తెలివినే శంకించుకొనుచు నిల్లు చేరిన బీదబిడ్డ యెవడో! వాని పేరు ఏ న్యాయస్థానమునకును దెలియదు. వానికి నష్టపరిహార మిచ్చువారును లేరు. లంచమిచ్చిన తండ్రులు "బిడ్డకొరకే" యందురు. పొరుగువానిది మాత్రము బిడ్డ కాదా?

ఈ సభయందలి తలిదండ్రులను మేమడుగునది యొక్కటే. దళారి మీ గుమ్మమెక్కిననాడు, ఎవని స్థానము నమ్మవచ్చితివని వాని నడుగుదురా?