నెలలు నిండని బిడ్డకు ఆ ఒక్క నిమిషం

ఈ రోజు నేను మాట్లాడే విషయం వినడానికి చిన్నదే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు బొడ్డుతాడు కోసేలోపు కాస్త ఆగాలంటారు. ఆగినంతసేపూ బిడ్డను ఎక్కడ ఉంచాలి?

37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటాం. పుట్టిన క్షణానికి ఆ బిడ్డ రక్తమంతా బిడ్డలోనే ఉండదు. కొంత మాయలో ఉంటుంది. నెలలు తక్కువైన కొద్దీ మాయలో ఉండే వాటా ఎక్కువ. వెంటనే తాడు కోస్తే అది మాయతోనే పోతుంది. ఆగితే బిడ్డకు చేరుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం ఒక నిమిషం ఆగమంటోంది. 20 పరిశోధనల్లోని మూడు వేల మందికి పైగా ఇలాంటి బిడ్డల వివరాలను కలిపి చూసిన అధ్యయనం 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆగి కోసినప్పుడు మరణాలు తగ్గాయని అది తేల్చింది.

ఇక ఎత్తు సంగతి. నీరు పల్లమెరుగు అంటాం కదా. 1969లో యావో, లిండ్ అనే వైద్యులు చూపించింది అదే. బిడ్డను 40 సెంటీమీటర్లు కిందికి ఉంచితే రక్తం త్వరగా చేరింది. బాగా పైకెత్తితే దాదాపు ఆగిపోయింది. అయితే 2014లో అర్జెంటీనా పరిశోధన మరో మాట చెప్పింది. తల్లి పొట్టమీద ఉంచిన బిడ్డలకూ, కిందుగా పట్టుకున్న బిడ్డలకూ రెండు నిమిషాల్లో చేరిన రక్తం దాదాపు సమానమే: 53 గ్రాములు, 56 గ్రాములు. కానీ వాళ్లంతా నెలలు నిండి, మామూలు కాన్పులో పుట్టినవాళ్లు. 28 వారాల బిడ్డకు ఆ లెక్కను అలాగే వర్తింపజేయలేం. 30 వారాలలోపు పుట్టిన 1,566 మంది బిడ్డలతో చేసి 2017లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో బిడ్డను వీలైనంత కిందుగానే పట్టుకున్నారు.

కాబట్టి ఇలా గుర్తుపెట్టుకుందాం. మామూలు కాన్పయితే తాడు అందినంతలో తల్లి తొడల మధ్య గానీ, పొత్తికడుపు మీద గానీ. సిజేరియన్ అయితే తల్లి తొడలమీద, మాయ ఎత్తుకు మించకుండా. బిడ్డ ముఖం చూపించడానికి పైకెత్తకూడదు. తాడును లాగకూడదు. మెడ ముందుకు వంగిపోకుండా, గాలి ఆడేలా ఉంచాలి. చలి తగలకుండా టోపీ పెట్టాలి, మరీ చిన్న బిడ్డయితే శుభ్రమైన ప్లాస్టిక్ కవరు చుట్టాలి.

తొందరకొద్దీ తాడును బిడ్డ వైపు పిండడం 28 వారాలలోపు బిడ్డలకు ప్రమాదం. 2019లో ప్రచురించిన పరిశోధనలో అలా పిండిన బిడ్డల్లో నూటికి 22 మందికి మెదడులో తీవ్ర రక్తస్రావమైంది. ఆగి కోసిన వారిలో అది నూటికి ఆరుగురికే.

ఆగకూడని వేళలూ ఉన్నాయి. తల్లికి విపరీతంగా రక్తం పోతున్నా, మాయ ముందే ఊడినా ఆగరు. తుడిచి, వీపు నిమిరినా బిడ్డ ఊపిరి తీయకపోతే తాడు కోసి ఊపిరి అందించడమే ముఖ్యం. ఆ నిర్ణయం అక్కడున్న డాక్టరమ్మది, సిస్టరుది.

మిత్రులారా, ఈ వైద్యానికి రూపాయి ఖర్చు లేదు. యంత్రం అక్కర్లేదు. యానాంలోనైనా, బరంపురంలోనైనా, షోలాపూర్‌లోనైనా, పేదతల్లి బిడ్డకు ఇది అందకపోతే డబ్బు లేక కాదు, ముందే అనుకోక. అందుకే మీ ఇంట్లో అక్కకో వదినకో నెలలు నిండకముందే కాన్పు వచ్చేలా ఉందని చెబితే, ముందుగానే అడగండి: "తాడు కోసేముందు ఆగుతారా? బిడ్డను ఎక్కడ ఉంచుతారు? వెచ్చదనానికి ఏం చేస్తారు?" మర్యాదగా అడిగితే తప్పులేదు. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు వేళ తల్లి పక్కన ఒక స్త్రీ తోడుండవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. తోడు వెళ్లే అత్తమ్మకో పిన్నికో ఈ సంగతి ముందే చెప్పండి. "ఇంకా కోయరేమిటి?" అని సిస్టరును తొందరపెట్టకుండా ఉంటే, అదే ఆ బిడ్డకు ఆమె చేసే మేలు.