సూది భయం ఉండేవాళ్ళకు కూడా పంటి వైద్యం ఉండాది

(వార్షికోత్సవ సభలో చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం, క్యాసంబళ్ళి)

మైసూరు రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయిన కే.సి.రెడ్డి గారు పుట్టిన ఊరు మన క్యాసంబళ్ళి. అట్లాంటి ఊరి సభలో మమ్మల్ని మాట్లాడమన్నారు. మేము చదివింది ఎనిమిదో తరగతి. నూలు పంపకం, కూలి బట్వాడా, లెక్క పుస్తకం, ఇవి మాకు తెలిసిన పనులు. అయినా ఈ తూరి నూలు ధర గురించి, రిబేటు గురించి మాట్లాడము. వాటిని మిగతా పెద్దలు చెప్తారు. మేము పంటి నొప్పి గురించి, సూది భయం గురించి, ఆ భయానికి డాక్టర్లు ఇచ్చే మత్తు గురించి నాలుగు మాటలు చెప్తాము.

నవ్వొద్దండి. దవడకు తువాలు కట్టుకొని మగ్గం మీద కూర్చున్నవాళ్ళను మనమందరం చూసినాము. నూలు పోగు పంటితో తెంపే అలవాటు మనది. వక్కాకు, పొగాకు నమిలే అలవాటు కూడా మనలో చానా మందికి ఉండాది. పన్ను అరుగుతాది, పుచ్చుతాది. నొప్పి వచ్చినప్పుడు లవంగం పెడతాము. లవంగ నూనె కొంచెం సేపు మొద్దుబారుస్తాది, అది నిజమే. కానీ పంటి లోపల ఉండే పుచ్చు అట్లే ఉంటాది. తరువాత మెడికల్ షాపులో నొప్పి మాత్ర. అది అయిపోతే ఇంకొక మాత్ర. ఇట్లా ఏండ్లు గడిపేస్తారు. ఎందుకప్పా పంటి డాక్టరు దగ్గరికి పోలేదు అంటే, తీరిక లేదంటారు, దుడ్డు లేదంటారు. ఇంకా రెండు మాటలు మాట్లాడితే అసలు సంగతి బయటికి వస్తాది. సూది అంటే భయం.

మా సంఘం సభ్యుడు ఒకాయన, యాభై దాటినాడు. పట్టుచీర నేయడంలో చేయి తిరిగినవాడు. పంటి మీద పొగాకు అదిమి పెట్టుకొని రెండేండ్లు గడిపినాడు. కడకు ఒక రాత్రి దవడ కింద వాచింది, నోరు తెరవడానికి కాలేదు, ఎంగిలి మింగడం కూడా కష్టమైంది. ఆస్పత్రిలో చేర్చి, చీము తీయించి, ఇంటికి తెచ్చేటప్పటికి మగ్గం మీద పడుగు అట్లే నిలిచి ఉండాది. మూడు వారాల కూలి పోయింది. దవడ కింద, మెడకు వాపు దిగితే అది ఊపిరికే అడ్డం పడవచ్చు. మింగడం కష్టమైనా, నోరు తెరుచుకోకపోయినా, జ్వరంతో వాపు పెరుగుతున్నా తెల్లారేదాకా ఆగవద్దు. ఆ రాత్రే పెద్దాస్పత్రికి పోవాల.

ఆయన మాకు ఒక మాట చెప్పినాడు. చిన్నప్పుడు ఒకసారి పన్ను పెరికించినారంట. సూది వేసినా మొద్దుబారలేదంట. ఆ నొప్పి ఆయనకు మరపు రాలేదు. ఇది ఆయన ఒక్కడి మాట కాదు, చానా మంది ఇదే చెప్తారు. దీనికి కారణం ఉండాది, వినండి. పంటి చుట్టూ చీము పట్టి, బాగా వాచి ఉండే చోట మొద్దుబారే మందు సరిగ్గా పనిచేయదు. అంటే భయపడి ఆలస్యం చేస్తే చీము పడతాది. చీము పడితే మందు సరిగ్గా పట్టదు. మందు పట్టకపోతే నొప్పి పుడతాది. ఆ నొప్పితో భయం ఇంకా పెరుగుతాది. నూలు చిక్కు పడినప్పుడు గట్టిగా లాగితే ముడి ఇంకా బిగుసుకుంటాది కదా, అట్లాంటిదే ఇది. వాపు లేనప్పుడు, చిన్న పుచ్చుగా ఉన్నప్పుడే పోయినవాళ్ళకు మందు బాగా పడతాది, పని తొందరగా అవుతాది. భయం ఎక్కువ ఉండేవాళ్ళే అందరికంటే ముందు పోవాల.

ఇప్పుడు మత్తు సంగతి. మనవాళ్ళు అన్నిటినీ మత్తు సూది అనేస్తారు. కానీ ఇందులో రెండు వేరు వేరు పనులు ఉండాయి. ఒకటి, చిగురుకు వేసే సూది. అది ఆ చోటును మాత్రం మొద్దుబారుస్తాది, మనిషి మెలకువగానే ఉంటాడు. ఇప్పుడు ఎక్కువగా వాడే లిగ్నోకెయిన్ అనే మందును 1943లో స్వీడన్ దేశంలో తయారు చేసినారు. రెండోది, మనసులో భయాన్ని తగ్గించే మత్తు. ఇది భయానికి, అది నొప్పికి. ఒకటి ఉంటే రెండోది వద్దు అని కాదు. భయం తగ్గించే మత్తు ఇచ్చిన తరువాత కూడా చిగురుకు సూది వేస్తారు. అయితే అప్పటికి మనిషి తేలికపడి ఉంటాడు కాబట్టి ఆ సూదిని అంతగా పట్టించుకోడు.

ఈ మత్తును ముందుగా వాడి చూసినవాళ్ళలో పంటి డాక్టర్లే ఉండారు. 1844 డిసెంబరులో అమెరికాలో హోరేస్ వెల్స్ అనే పంటి డాక్టరు నైట్రస్ ఆక్సైడ్ అనే గ్యాసు పీల్చి, తన పన్నునే ఇంకొక డాక్టరు చేత పెరికించుకున్నాడు. 1846 అక్టోబరు 16న బోస్టన్ ఊరి ఆస్పత్రిలో ఈథర్ ఇచ్చి ఆపరేషన్ చేయించి చూపించిన మోర్టన్ కూడా పంటి డాక్టరే. మన తెలుగు నేల మీద కూడా దీనికి చరిత్ర ఉండాది. క్లోరోఫాం మత్తు ఎంత క్షేమం అని తేల్చడానికి 1888లో, 1889లో హైదరాబాదులో నిజాం ప్రభువు ఖర్చుతో రెండు కమిషన్లు పనిచేసినాయి. మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరిని గమనిస్తూనే ఉండాలని ఆ కమిషన్లు గట్టిగా చెప్పినాయి. గుండెకు కూడా అపాయం ఉండాదని తరువాత తేలింది. అందుకే ఈ దినం వేలికి చిన్న యంత్రం తగిలించి రక్తంలో ఆక్సిజన్, నాడి రెండూ చూస్తారు. ఆ కాలంలోనే హైదరాబాదులో మత్తు ఇచ్చే డాక్టరుగా పనిచేసిన రూపాబాయి ఫర్దూన్‌జీ అనే ఆమెను ప్రపంచంలోనే ఆ పని చేసిన మొదటి ఆడ డాక్టరని చెప్తారు.

భయానికి ఇచ్చే మత్తులో మెట్లు ఉండాయి. అందరికీ పై మెట్టు వద్దు.

మొదటి మెట్టులో మత్తే లేదు. పోయిన వెంటనే "నాకు సూది భయం" అని చెప్పడమే. అది చెప్తే డాక్టరు చిగురు మీద మొద్దుబారే జెల్లు రాసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, తరువాత సన్నటి సూదితో మెల్లగా మందు ఎక్కిస్తారు. సూది నొప్పిలో ఎక్కువ భాగం మందును తొందరగా ఎక్కించడం వల్లే వస్తాది. చేయి ఎత్తితే పని ఆపాల అని ముందే డాక్టరుతో మాట్లాడుకోవచ్చు. ఆపే అధికారం తన చేతిలో ఉండాదని తెలిస్తే కొందరికి ఇంతే చాలు.

రెండో మెట్టు గ్యాసు. ముక్కు మీద చిన్న తొడుగు పెట్టి నైట్రస్ ఆక్సైడును ఆక్సిజనుతో కలిపి పీల్పిస్తారు. నిద్ర పట్టదు. ఒళ్ళు తేలికగా ఉంటాది, డాక్టరు మాట వినిపిస్తాది. పని అయినాక కొంచెం సేపు వట్టి ఆక్సిజన్ ఇస్తారు. కొద్ది నిమిషాల్లోనే మత్తు దిగిపోతాది. దీనికి సూది అక్కరలేదు కాబట్టి సూది భయం ఉండేవాళ్ళకు ఇది అనువుగా ఉంటాది. జలుబుతో ముక్కు మూసుకున్నవాళ్ళు, ఊపిరితిత్తుల జబ్బు ఉండేవాళ్ళు, గర్భిణీలు ఆ సంగతి ముందే చెప్పాల.

మూడో మెట్టు మాత్ర. డాక్టరు చెప్పిన వేళకు, చెప్పినంత మాత్రమే వేసుకోవాల. నాలుగో మెట్టు నరానికి ఎక్కించే మత్తు. ఇది చేతికి సూది గుచ్చి ఎక్కించేది. దానికీ భయపడేవాళ్ళకు చర్మం మొద్దుబారే క్రీము ముందే రాస్తారు, లేకపోతే గ్యాసు ఇచ్చిన తరువాత గుచ్చుతారు. అన్నిటికీ పైన ఉండేది పూర్తి మత్తు. అది ఆపరేషన్ గదిలో, మత్తు డాక్టరు ఉండి ఇచ్చేది. చానా పండ్లు ఒకేసారి తీయాల్సినప్పుడు, చిన్న పిల్లలకు, ఏ విధంగానూ నోరు చూపించలేనివాళ్ళకు దీన్ని వాడతారు.

ఎక్కడికి పోవాల అంటే, మనకు కే.జీ.ఎఫ్.లో బెమెల్ నగర్‌లో పంటి కాలేజీ ఆస్పత్రి ఉండాది. కోలారులో శ్రీ నరసింహరాజ జిల్లా ఆస్పత్రి ఉండాది. ఏ మెట్టు మత్తు ఎక్కడ ఇస్తారో, ఎంత అవుతాదో ముందుగానే అడగాల. ఇంకొక రెండు మాటలు కూడా అడగాల. మత్తు ఎవరు ఇస్తారు? ఊపిరి, నాడి చూసే యంత్రం, ఆక్సిజన్ అక్కడ ఉండాయా? ఇట్లా అడిగితే డాక్టరుకు కోపం రాదు. జవాబు సరిగ్గా చెప్పని చోట మత్తు తీసుకోవద్దు.

వేసుకునే మాత్రలన్నీ చీటీలో రాసుకొని పోండి. బీపీ, షుగర్, ఆస్తమా, నిద్రలో గురక పెట్టి ఊపిరి ఆగినట్లు అవడం, తాగుడు అలవాటు, ఏదీ దాచవద్దు. తాగి వస్తే ధైర్యంగా ఉంటాది అనుకునేవాళ్ళు మనలో ఉండారు. తాగుడు మీద మత్తు పడితే ఊపిరికే ముప్పు. ఇంట్లో ఎవరిదో నిద్ర మాత్ర వేసుకొని పోవడం కూడా అంతే.

కొందరికి సూది చూస్తేనే కళ్ళు తిరిగి పడిపోతారు. బీపీ ఒక్కసారిగా దిగడం వల్ల అట్లా అవుతాది. వాళ్ళు పిరికివాళ్ళు కాదు. మగ్గం తొక్కేటప్పుడు కాళ్ళు బిగించినట్లు కాళ్ళు, పొట్ట, చేతులు పది పదిహేను సెకండ్లు బిగించి, కొంచెం వదిలి, మళ్ళీ బిగించాల. ఇట్లా అయిదు తూర్లు చేస్తే బీపీ దిగకుండా నిలబడతాది. చేతికి సూది వేస్తే ఆ చేతిని మాత్రం వదులుగా పెట్టాల. పడుకొని సూది వేయించుకుంటామని అడగవచ్చు.

మా దృష్టిలో అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉండాది. మాత్ర గానీ, నరానికి మత్తు గానీ తీసుకున్నవాళ్ళను ఒంటరిగా ఇంటికి పంపరు. పెద్దవాళ్ళు ఒకరు తోడు ఉండాల. ఆ దినమంతా, డాక్టరు చెప్పేదాకా, సాధారణంగా ఇరవై నాలుగు గంటలు బండి తోలకూడదు, కరెంటు మగ్గం ముట్టకూడదు, రంగు కాగే గంగాళం దగ్గరికి పోకూడదు, చంటిబిడ్డను ఒంటరిగా చూసుకోకూడదు. అప్పు పత్రం మీద సంతకం కూడా పెట్టకూడదు. మన ఇండ్లలో ఒకరు మగ్గం మీద, ఒకరు కండెలు చుట్టడంలో. ఇద్దరూ పోతే ఇద్దరి కూలీ పోతాది. అందుకే, తోడు లేక, ఒంటరిగా అయితే మత్తు ఇవ్వరని తెలిసి, మనవాళ్ళు పంటిని అట్లే వదిలేస్తుండారు. ఈ తోడు మనం ఇవ్వలేమా?

అందుకని సమాఖ్యను మేము మూడు మాటలు అడుగుతుండాము. ఒకటి, ప్రతి సంఘంలో ఒక మగ, ఒక ఆడ మనిషిని తోడు పోయేవాళ్ళుగా పేరు రాసి పెట్టాల. వాళ్ళకు ఆ దినం కూలి, బస్సు ఖర్చు సంఘం నిధిలో నుంచి ఇవ్వాల. రెండు, మగ్గం ముట్టని అమావాస్య దినం చూసి నలుగురైదుగురిని కలిపి పంపాల. అమావాస్య మంచిది కాదంటారేమో, పంటి నొప్పికి తిథి తెలీదు కదా. మూడు, ఆస్పత్రిలో మత్తు వసతి, ఖర్చు సంగతి సమాఖ్య తరపున ఒకసారి రాతపూర్వకంగా అడిగి తెచ్చి సంఘాల బోర్డు మీద అంటించాల.

తల్లులకు, అవ్వలకు ఒక మనవి. అన్నం తినకపోతే సూది వేయిస్తాను అని బిడ్డను బెదిరించవద్దు. పంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయేటప్పుడు సూది వేయరు అని అబద్ధం చెప్పవద్దు. కొంచెం చురుక్కుమంటాది, తొందరగా అయిపోతాది, మేము పక్కనే ఉంటాము అని చెప్పండి. చిగురు మొద్దుబారి ఉన్నంత సేపు పిల్లలు పెదవి కొరుక్కోకుండా చూడండి, వేడి కాఫీ, అన్నం పెట్టవద్దు.

మన బోరు నీళ్ళలో ఫ్లోరైడు వల్ల పండ్ల మీద మరకలు ఉండేవాళ్ళు చానా మంది ఉండారు. డాక్టరు తిడతాడేమో అని సిగ్గుపడవద్దు. వాళ్ళు దినమూ చూసే పండ్లే అవి.

మా సంఘంలో ఒక చెల్లెలు ఈ మాటలు విని, కుర్చీలో కూర్చోకముందే నాకు భయం అని చెప్పేసింది. జెల్లు రాసి, మెల్లగా సూది వేసి పన్ను తీసినారు. ఆమెకు ఏ మత్తూ అవసరం పడలేదు. మూడో దినం మగ్గం ఎక్కింది. అవసరం పడేవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళు అడిగి తీసుకోవాల. భయం ఉండాది అని చెప్పడంలో చిన్నతనం లేదు. చెప్పనివాళ్ళకే డాక్టరు ఏమీ చేయలేడు.

తోడు పోయేవాళ్ళుగా పేరు ఇచ్చేవాళ్ళు భోజనాల తరువాత మా దగ్గరికి రండి, పుస్తకం తెచ్చినాము.