దుఃఖముతో తిరిగిపోయినవాడు



సువార్తలోని ధనవంతుడైన యౌవనుని సంగతి మనమందరము ఎరిగినదే. అతడు దుర్మార్గుడు కాడు. బాల్యమునుండి ఆజ్ఞలను గైకొన్నవాడు. అయినను ఆస్తిని విడువలేక, ప్రభువును విడిచి దుఃఖముతో తిరిగిపోయెను. ఆస్తి తనదనుకొనెను, నిజమునకు అతడే ఆస్తికి చెందినవాడు.

మన ప్రాంతములో దీనికి మారుగా మరియొక సాక్ష్యమున్నది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి చూపిరి. అనేకులు బాప్తిస్మము అడిగిరి. గింజల కొరకు ఎవరును విశ్వాసులు కారాదని ఆయన నెలల తరబడి ఇయ్యలేదు. ఇక సహాయము లేదని చెప్పిన పిమ్మట కూడ వారు వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు, నిరుపేదలు.

నేడు మన చీమకుర్తి నల్లరాయి దేశదేశములకు పోవుచున్నది. లారీలు, లీజులు, మేడలు కొందరికి కలిగినవి. ధనము పాపమని నేను చెప్పుట లేదు. అయితే క్వారీలో దుమ్ము మ్రింగు కూలివానికి న్యాయమైన కూలి ఇయ్యక కానుక పెట్టెలో నోట్లు వేసిన అది ఆరాధనయగునా? మందిరములో ముందు కుర్చీ దాతకేనా?

ఆకలిలో ప్రభువును ఎన్నుకొనిన వారి సంతతి మనము. కడుపు నిండిన దినమున ఆయనను విడుతుమా? ఈ వారమే మన లెక్కల పుస్తకమును ప్రభువు ఎదుట విప్పుదము. ఏ పుటను ఆయనకు చూపలేమో, అక్కడనే మన అడ్డు ఉన్నది.