కోలుకొన్నవారి రక్షణ ఎంతకాలము?



మశూచి సోకి బ్రదికినవానికి మరల నది సోకుట మిక్కిలి అరుదని మన పెద్దలెరుగుదురు. తట్టు రోగమును అట్టిదే. 1846లో ఫారో దీవులలో తట్టు చెలరేగినపుడు, 1781లో ఆ జబ్బుపడి కోలుకొన్న వృద్ధులలో ఒక్కరికిని అది తిరిగి రాలేదు. అది 65 ఏండ్ల రక్షణ! కాని కొరోనా అట్టిది గాదు.

మన నల్లగొండలోను, జనగామ, కామారెడ్డి జిల్లాలలోను జరిపిన రక్తపరీక్షలలో ప్రతిరక్షకములు గలవారు 2020 మే నెలలో నూటికి ఒక్కరైనను లేరు; 2021 జూన్ నాటికి రోగమువలననో, టీకావలననో నూటికి 60 మందియైరి. ఇక భయము లేదనుకొంటిమి. 2022 ఆరంభమున ఒమిక్రాన్ వచ్చి, కోలుకొన్నవారిని సైతము మరల పట్టినది.

కారణమేమి? రక్తములోని ప్రతిరక్షకములు కొన్ని నెలలలో తగ్గిపోవును. వైరసు తన రూపును మార్చుకొనును. అయినను శరీరములో జ్ఞాపకకణములు చిరకాలము నిలుచును. సాక్షి ఇంటికి పోయినను దస్తావేజు కచేరిలో నున్నట్లే! అందుచేతనే రెండవమారు జబ్బు తరచుగా తీవ్రము కాదు. వృద్ధులకును మధుమేహరోగులకును ఆ భరోసా చాలదు. ఒకసారి వచ్చిపోయినదని ఉపేక్షింపక, వారిని వైద్యునియొద్దకు గొనిపోయి టీకా సంగతి విచారింపుడు.